నాలుగేళ్ల ఆయుష్షు

సోమవారం ఉదయం ఏడింటికి ఉద్యోగాలు పోయేవాళ్ల జాబితా క్యాంటీన్ గోడ ఎక్కింది. ఇరవై ముగ్గురి పేర్లు. రెండో లైనులో చేపలు కోసేవాళ్లు మొత్తం ఇరవై నలుగురు. జాబితాలో లేని ఆ ఒక్క పేరు గున్‌వోర్‌ది.

ఆమె కాగితం రెండుసార్లు చదివింది. కిందటేడు కంపెనీకి డెబ్బై లక్షల క్రోనర్ల నష్టం వచ్చిందట, అందుకని వేసవి లోపు రెండో లైను మూసేస్తారట. చదివి వెనక్కి తిరిగేసరికి బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. కార్మికులు ఓట్లేసి బోర్డులోకి పంపిన మనిషి కాబట్టి ఆమె ఉద్యోగం జోలికి వెళ్లడానికి చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఈ సంగతి అక్కడ కాఫీ తాగుతున్న ప్రతివాళ్లకీ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరుతుందా?

"నీ పేరు నాకు కనపడ్డంలేదు. కళ్లజోడు మార్చుకోవాలేమో," అంది తూరిడ్, గోడకి చెప్తున్నట్టు.

తూరిడ్ పధ్నాలుగేళ్లుగా గున్‌వోర్ పక్కనే నిలబడి కాడ్ చేపల్లో ముళ్లు తీస్తోంది. ఒకరి కత్తి మొద్దుబారితే ఇంకొకరు నూరి ఇస్తారు. జాబితాలో తొమ్మిదో పేరు ఆమెది.

"ఈ జాబితా సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది తూరిడ్."

"నష్టం సంగతో? అదీ ఇప్పుడే తెలిసిందా?"

గున్‌వోర్ కప్పు తీసుకుని కాఫీ పోసుకుంది. నష్టం సంగతి ఆమెకి వారం కిందటే తెలుసు. లెక్కల ముసాయిదా అప్పుడే చేతికొచ్చింది. బోర్డు గదిలో విన్నది, చదివింది బయట ఎక్కడా నోరు జారకూడదు. జారితే పదవి పోవడమే కాదు, కోర్టు మెట్లు కూడా ఎక్కాల్సి వస్తుంది. ఆ మౌనాన్ని తూరిడ్ తనకి నచ్చినట్టు అర్థం చేసుకుంది.

యూనియన్ నాయకుడు రోఆల్ కప్పు చేత్తో పట్టుకునే లేచాడు. అతను మెల్లగా మాట్లాడినా మూడు గదుల అవతలికి వినపడుతుంది.

"గురువారం లెక్కల మీద బోర్డువాళ్లందరూ సంతకాలు పెట్టాలి. అవునా? నువ్వు పెట్టకు. ఇంకేం అడగం నిన్ను."

"పెట్టకపోతే ఏమవుతుంది?"

"వాళ్ల పరువు పోతుంది."

"ఈ ఇరవైమూడు ఉద్యోగాలూ నిలబడతాయా?"

"అదిగో, అప్పుడే వాళ్లలా మాట్లాడేస్తోంది! చూడు గున్‌వోర్, పెడితే వాళ్ల మనిషివి, పెట్టకపోతే మా మనిషివి. గురువారం తేలిపోతుంది."

బల్లల మీద కొందరు అరచేత్తో చరిచారు. సైరన్ మోగింది. అందరూ రబ్బరు ఏప్రన్లు తగిలించుకుని లోపలికి నడిచారు. ఆ రోజంతా తూరిడ్ ఆమె వైపు తల తిప్పలేదు. మధ్యాహ్నం గున్‌వోర్ కత్తి మొద్దుబారితే తానే వెళ్లి నూరుకుంది.

పని దిగాక ఆమె మెట్లెక్కి ఆఫీసుకి వెళ్లింది. బట్టలు మార్చుకుంది గానీ మార్చి నెల కాడ్ వాసన జుట్టులోంచి అంత సులువుగా పోదు. లెక్కల విభాగం పెద్ద సిన్‌ద్రె ఆమెని చూడగానే లేచి వెళ్లి కిటికీ తెరిచాడు. బయట వడగళ్లు పడుతున్నాయి. అయినా తెరిచే ఉంచాడు.

"పధ్నాలుగో పేజీ," అంది గున్‌వోర్, తెచ్చుకున్న ముసాయిదా బల్లమీద పెట్టి. "తరుగుదల అని కోటిన్నర రాశారు. మొదటి లైనులో చేపలు చీల్చే కొత్త మిషనుకి. ఆ కోటిన్నర ఎవరికిచ్చాం?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"ఇవ్వకపోతే ఎలా పోయింది?"

సిన్‌ద్రె కుర్చీలో వెనక్కి వాలాడు. పక్క గది తలుపు తెరిచే ఉంది. "హాల్‌వార్! ఒక్కసారి ఇలా రా. ఈ ప్రశ్న నువ్వు వినాలి."

హాల్‌వార్ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీ అతనిది, బోర్డు అధ్యక్షుడూ అతనే. చిన్నప్పుడు గున్‌వోర్ కంటే ఒక తరగతి కింద చదివాడు. సిన్‌ద్రె ఆమె ప్రశ్నని ఆమె గొంతుతోనే తిరిగి చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. పెద్దగా కూడా కాదు, మర్యాదగా నవ్వారు. ఆ నవ్వు కన్నా చెంపదెబ్బ నయం.

"గున్‌వోర్, నేనెప్పుడైనా కిందికొచ్చి నీకు ముళ్లు తియ్యడం నేర్పానా?" అన్నాడు హాల్‌వార్. "ఈ లెక్కలు ఆడిటరు చూసింది, సరే అంది. నువ్వు సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గీత గీయించి ఉంచుతాను. వెతుక్కునే పని కూడా ఉండదు."

ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే పైన కిటికీ మూసిన చప్పుడు వినిపించింది.

మంగళవారం ఫెర్రీ రేవు దాటి చివరి పసుపుపచ్చ ఇంటికి వెళ్లింది. అందులో ఆస్లౌగ్ ఉంటుంది. ముప్పై ఒక్కేళ్లు ఫ్యాక్టరీ లెక్కలు రాసిన మనిషి. గ్రోసుండ్ ఊళ్లో ఫ్యాక్టరీ బయట గున్‌వోర్‌కి తెలిసిన లెక్కల మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఉద్యోగం పోయిన ఈ పదకొండేళ్లలో ఆ గుమ్మం ఎక్కింది మాత్రం లేదు.

తలుపు గొలుసు తియ్యకుండా జానెడు తెరుచుకుంది.

"ఎవరు?"

"గున్‌వోర్‌ని."

"ఏ గున్‌వోర్? కిటికీలో నవ్విన గున్‌వోరా?"

"నేను నవ్వలేదు ఆస్లౌగ్."

"ఆ రోజు పెట్టె మోసుకుని గేటు దాటుతున్నా. రెండో లైను కిటికీలో ఆరు మొహాలున్నాయి. అందులో మూడోది నీది. నవ్వావా లేదా?"

వడగళ్లు గున్‌వోర్ మెడలోంచి లోపలికి జారుతున్నాయి. "నవ్వాను," అంది.

గొలుసు తీసిన చప్పుడైంది.

వంటగదిలో కుర్చీ చూపించింది గానీ కాఫీ పొయ్యలేదు. ఆ ఊళ్లో పన్నులవాడొచ్చినా కాఫీ పోస్తారు. కాఫీ పాత్ర పొయ్యి మీద పొగలు కక్కుతూనే ఉంది. ఆస్లౌగ్ తనొక్కదానికే వంపుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. గున్‌వోర్ సంచిలో చెయ్యి పెట్టగానే ఆమె అరచెయ్యి బల్లమీద టప్పున పడింది.

"కాగితాలు తీశావంటే ఇప్పుడే హాల్‌వార్‌కి ఫోన్ చేస్తా. నీ కంపెనీ అంకెలు నాకు చూపించకు. మాటలు అడుగు. మాటలకి అర్థాలు చెప్తే ఏ కోర్టూ నన్ను పట్టుకోదు."

"తరుగుదల అంటే ఏమిటి?"

"ముప్పై ఏళ్లు కత్తి పట్టి ఈ ప్రశ్న అడుగుతున్నావా, మొద్దుదానా? నీ కత్తి ఎంతపెట్టి కొన్నావు?"

"ఆరువందలు."

"ఎన్నాళ్లొస్తుంది?"

"నూరగా నూరగా మూడేళ్లు. ఆ తర్వాత బంగాళాదుంప తొక్కతీసే కత్తంత అవుతుంది."

"ఆరువందలూ కొన్నరోజే జేబులోంచి పోయాయి. కానీ ఆ ఒక్క ఏడాది ఖర్చని రాస్తే తప్పు. మిగతా రెండేళ్లూ అదే కత్తితో కోశావుగా. అందుకని ఏడాదికి రెండువందల చొప్పున ఖర్చు రాస్తాం. అదీ తరుగుదల. రెండో ఏడు నీ జేబులోంచి పైసా కదల్లేదు, కాగితం మీద మాత్రం రెండువందలు ఖర్చు."

"అంటే నష్టం వచ్చినా డబ్బు పోనక్కర్లేదన్నమాట."

"నష్టం వేరు, డబ్బు వేరు. లాభం చూపిస్తూ జీతాలివ్వలేక మూతబడ్డ కంపెనీలున్నాయి. నష్టం చూపిస్తూ పెట్టెలు నింపుకున్నవీ ఉన్నాయి. నీ ఇల్లే చూసుకో. ఏడాదంతా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అదొక కాగితం. అది లాభమో నష్టమో చెప్తుంది. డిసెంబరు ముప్పై ఒకటిన నీకేమున్నాయి, ఎవరికెంత బాకీ, అది ఇంకో కాగితం. ఉన్నదాంట్లోంచి బాకీ తీసేస్తే మిగిలేదే నీ సొంతం. దాన్నే సొంత మూలధనం అంటారు, పెద్ద పేరు. చేతిలోకి వచ్చిన నోట్లు, పోయిన నోట్లు మూడో కాగితం. మొదటిదాంట్లో మనిషి తన ఊహలు కలపొచ్చు. మూడోదాంట్లో కుదరదు. అందుకే తెలివైనవాళ్లు మూడోది ముందు చదువుతారు."

గున్‌వోర్‌కి మూడోది గుర్తుంది. వెనక పేజీల్లో ఉంది. చివరి గీత కింద నగదు పెరిగిందనే ఉంది. తాను చూసి, అర్థంకాక పేజీ తిప్పేసింది.

"కత్తి మూడేళ్లొస్తుందని నేను చెప్పాను," అంది నెమ్మదిగా. "ఒకవేళ ఒక్క ఏడాదే వస్తుందని చెప్తే?"

ఆస్లౌగ్ కప్పు కింద పెట్టింది. మొదటిసారి ఆమెని సూటిగా చూసింది.

"అప్పుడు మొదటేడే ఆరువందలు ఖర్చు. నువ్వు నాలుగువందలు సంపాదించిన ఏడాది కూడా రెండువందల నష్టం."

"ఎన్నేళ్లొస్తుందో చెప్పేదెవరు?"

"యజమాని. చెప్పిందానికి కారణం చూపించాలి, ఆడిటరు ఒప్పుకోవాలి."

"ఆడిటరు ఎట్లా ఒప్పుకుంటుంది? మిషను చూస్తుందా?"

"ఆడిటరుకి మిషను గురించి ఏం తెలుసు, నా బొంద. ఇంతకుముందు ఇలాంటిది ఎన్నేళ్లు నడిచిందని అడుగుతుంది. వాళ్లిచ్చిన కాగితం చదువుకుంటుంది."

గున్‌వోర్ లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. కొత్త మిషను ఖరీదు ఆరు కోట్లు. ఏడాదికి కోటిన్నర అంటే నాలుగేళ్ల ఆయుష్షు. ఆమె రోజూ ఏ మిషను ముందు నిలబడి పనిచేస్తుందో, తల నరికిన చేపని రెండు బద్దలు చేసి ఆమె చేతికందించే ఆ పాత మిషనుకి పందొమ్మిదేళ్లు. అంకెలు పైకి అనలేదు. ఆస్లౌగ్ అడగనూ లేదు.

"సంతకం పెట్టొద్దంటున్నారు మావాళ్లు."

"ఎవడా తెలివితక్కువ సలహా ఇచ్చింది, రోఆలా? నువ్వు పెట్టకపోతే అనారోగ్యమనో అలకనో చెప్పుకుని మిగతావాళ్ల సంతకాలతో నడిపిస్తారు. అభ్యంతరం ఉందని రాసి సంతకం పెట్టు. నీ పేరు పక్కన ఆ ఒక్క మాట పడితే, ఎందుకో వార్షిక నివేదికలో అచ్చు వెయ్యక తప్పదు. అది చట్టం. బ్యాంకువాడు నివేదిక తెరిచి ముందు వెతికేది అలాంటి మాటల కోసమే."

"ఇవన్నీ నాకెందుకు చెప్తున్నావు? నేనంటే నీకు పడదుగా."

"పడదు. నిల్వ సరుకుకి హాల్‌వార్ తండ్రి పెంచి చెప్పిన ధర రాయనన్నాను, పొమ్మన్నాడు. దానివల్ల మీకు రావాల్సిన పండగ డబ్బు ఆలస్యమైందని నా మీద నవ్వారు. ఆ ధర రాసుంటే ఇంకో రెండేళ్లకి అందరూ రోడ్డున పడేవాళ్లు. అది మీలో ఒక్కరూ అడగలేదు." ఆమె లేచి తలుపు తెరిచింది. "అయిపోయింది. మళ్లీ రాకు."

బుధవారం విరామంలో గున్‌వోర్ పాత మిషను వెనక్కి వెళ్లింది. కొవ్వు, పొలుసులు పేరుకున్న ఇనప పలకని గోకి, తయారైన సంవత్సరం చదివింది. పక్కన మరమ్మతులవాడు తేదీలు రాసుకునే కార్డు వేలాడుతోంది. ఆఖరి తేదీ కిందటి నెలది. ఆమె ఎక్కడా రాసుకోలేదు. రాసుకోవాల్సినంత పెద్ద లెక్కా కాదు.

"ఏం వెతుకుతున్నావు? మాకోసం దాచిన లాభమా?" అంది తూరిడ్. నలుగురు నవ్వారు. గున్‌వోర్ చేతులు కడుక్కుని తన చోటికి వెళ్లింది.

గురువారం పదింటికి బోర్డు గదిలో ఐదుగురు సభ్యులు కూర్చున్నారు. హాల్‌వార్, అతని చెల్లెలు, బావమరిది, ఊరి లాయరు, చివర గున్‌వోర్. సిన్‌ద్రె తెరమీద అంకెలు చూపించాడు. ఏడాదికోసారి వచ్చే ఆడిటరు బూదిల్ కూడా ఉంది. బూడిదరంగు స్వెట్టరు, ముక్కుమీదికి జారిన కళ్లజోడు. అరగంటలో అంతా అయిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేవాళ్లు ఉంటారని వాళ్లు అనుకోనూ లేదు.

సంతకాల పేజీ హాల్‌వార్ నుంచి కుడివైపుగా బయల్దేరింది. చెల్లెలు ఫోన్ చూసుకుంటూనే పెట్టింది. బావమరిది పెట్టాడు. లాయరు పెట్టాడు. గున్‌వోర్ ముందుకి వచ్చేసరికి పెన్సిల్ గీత ఒక్కటే ఖాళీగా ఉంది.

"నేను అభ్యంతరంతో సంతకం పెడుతున్నాను," అంది.

గదిలో ఎవరి కుర్చీయో కిర్రుమంది.

"ఏమంటున్నావు?" అన్నాడు హాల్‌వార్.

"కొత్త మిషను ఆయుష్షు నాలుగేళ్లని రాశారు. దానికి నేను ఒప్పుకోను. ఆ మాట నా పేరు పక్కన రాస్తాను. ఎందుకో నివేదికలో వెయ్యండి."

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" సిన్‌ద్రె మొహంలో మర్యాద నవ్వు ఇంకా సగం అతుక్కునే ఉంది. "నీకు తరుగుదల అంటే..."

"కొన్న ఖరీదుని వాడే ఏళ్లమీద పంచడం. నాలుగేళ్ల మీద పంచితే ఏడాదికి కోటిన్నర. తక్కువలో తక్కువ పదేళ్ల మీద అయితే అరవై లక్షలు. తేడా తొంభై లక్షలు. మీ నష్టం డెబ్బై. అంటే ఇరవై లక్షల లాభం. పోనీ డబ్బేమైనా పోయిందా అంటే, చివరి పేజీలో నగదు పెరిగిందని మీరే రాశారు." ఆమె చివరి పేజీ మీద వేలు పెట్టింది. ఆపకుండా చెప్పింది. "రెండో లైను ఏ నష్టం చూపించి మూస్తున్నారో, ఆ నష్టం ఎవరి జేబులోంచీ రాలేదు. నాలుగు అనే అంకెలోంచి వచ్చింది."

హాల్‌వార్ చెంపలు ఎర్రబడ్డాయి. "నీకు ఈ అక్షరాలు ఎవరు రాసిచ్చారో నాకు తెలుసుకోవాలనుంది. అభ్యంతరం అచ్చయితే బ్యాంకువాడు రుణం వెనక్కి అడుగుతాడు, అది తెలుసా? అప్పుడు ఇరవైముగ్గురు కాదు, నూట నలభై మంది పోతారు. నీ చేత్తో నువ్వే పొయ్యి ఆర్పుతున్నావు!"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. నిజమైతే? పొయ్యి ఆర్పే చెయ్యి తనదే అయితే?  అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ క్షణం ఆమెని అడిగితే చెప్పేది. కింద వాళ్లకి సంతకం పెడితే ద్రోహి, ఇక్కడ వీళ్లకి ఒక మాట రాస్తే ద్రోహి.

"ఒక్క ప్రశ్న," అంది బూదిల్. ఆమె ఉదయం నుంచి మాట్లాడ్డం అదే మొదలు. "రెండో లైనులో ఒకప్పుడున్న పాత మిషను ఎన్నేళ్లు నడిచింది?"

"నడిచింది కాదు, నడుస్తోంది. పందొమ్మిదేళ్లు."

"ఇప్పుడా?"

"ఇవాళ ఉదయం తొమ్మిదిన్నర దాకా దాని ముందే ఉన్నాను."

బూదిల్ తన ఫైలులో ఒక కాగితం వెతికి తీసింది. తొందరపడలేదు. "అది ఆరేళ్లకే తుక్కుకి వెళ్లిందని నాకిచ్చిన వివరణలో ఉంది. రెండో లైనులో అంతా చేతిపనేనని ఉంది. కింద సిన్‌ద్రె సంతకం ఉంది." కళ్లజోడు పైకి నెట్టుకుంది. "డిసెంబరు ఆఖర్న శీతల గిడ్డంగిలో సరుకు లెక్కపెట్టాను. కోత హాల్లోకి వెళ్లలేదు. వెళ్లాల్సింది. ఇప్పుడు వెళ్దామా?"

సిన్‌ద్రె తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.  లాయరు లేచాడు. కాసేపు విరామం తీసుకుందాం అన్నాడు. గున్‌వోర్ ఒక్కతీ గదిలో ఉండిపోయింది. నలభై నిమిషాలు. గోడ అవతల హాల్‌వార్ అరుపు ఒకసారి, లాయరు గొంతు చాలాసేపు వినిపించాయి. మాటలు తెలియలేదు.

తిరిగొచ్చి సిన్‌ద్రె కొత్త పేజీలు పంచాడు. ఆమెవి మాత్రం బల్లమీదికి విసిరాడు. ఆయుష్షు పదేళ్లు. లాభం ఇరవై లక్షలు. నష్టమే లేనప్పుడు లైను మూయడానికి కారణం చూపించలేమని లాయరు ఎవరి మొహమూ చూడకుండా చదివాడు. జాబితా వెనక్కి తీసుకుంటున్నట్టు తీర్మానం రాసుకున్నారు. పేజీ మళ్లీ కుడివైపుగా తిరిగింది. ఈసారి ఎవరూ ఫోన్ చూడలేదు.

గున్‌వోర్ దగ్గరికి వచ్చాక హాల్‌వార్ ఆమె పక్కనే నిలబడ్డాడు.

"ఇప్పుడైనా అభ్యంతరం ఉందా?"

"లేదు."

"అయితే ఇంకోటి విను. ఈ గదిలో జరిగింది ఈ గది దాటకూడదు. ముసాయిదాలో ఏముంది, ఎవరేం అన్నారు, ఎందుకు మారింది, ఒక్క ముక్క బయట వినపడితే నిన్ను ఈ కుర్చీలోంచి లాగి కోర్టుకి ఈడుస్తాను. లాయరు ఇక్కడే ఉన్నాడు, సరిగ్గా విన్నావా?"

"విన్నాను," అంది. పెన్సిల్ గీత మీద పూర్తిపేరు రాసింది. వచ్చే ఏడూ ఈ లెక్కలే ఈ బల్లమీదికి వస్తాయి. నాలుగు అనే అంకె ఇంకో వేషంలో వస్తుంది. అప్పుడు ఈ కుర్చీలో చదవడం వచ్చిన మనిషి ఎవరో ఒకరుండాలి.

సోమవారం పాత జాబితా ఉన్నచోట కొత్త కాగితం అంటించారు. రెండో లైను యథావిధిగా నడుస్తుందని, యూనియన్‌తో సామరస్యంగా జరిగిన చర్చలకి యాజమాన్యం కృతజ్ఞతలు తెలుపుకుంటోందని అందులో ఉంది. కింద హాల్‌వార్ సంతకం. రోఆల్ దాన్ని మూడుసార్లు చదివాడు. ఏ చర్చలో అతనికే సరిగ్గా గుర్తున్నట్టు లేదు. మూడోసారి చదివేసరికి గుర్తొచ్చింది.

"బుధవారం హాల్‌వార్‌కి ఫోన్లో గట్టిగానే ఇచ్చాను," అన్నాడు. "అదీ సంగతి."

క్యాంటీన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరో రోఆల్‌ని భుజాలు పట్టి కుదిపారు. తూరిడ్ ఏడ్చింది. రోఆల్ మెడచుట్టూ చేతులేసి, కళ్లు తుడుచుకుని, నేరుగా గున్‌వోర్ బల్ల దగ్గరికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు.

"రోఆల్ మా పొట్టలు నిలబెట్టాడు. గురువారం ఆ గదిలో నువ్వేం చేశావు?"

"అది చెప్పకూడదు తూరిడ్."

"చెప్పొద్దులే. ఒక్కటే అడుగుతా. దీనికి రహస్యం కూడా అక్కర్లేదు, నివేదికలో రేపు అందరం చూస్తాం. లెక్కల మీద సంతకం పెట్టావా, లేదా?"

గున్‌వోర్ ఆమె మొహంలోకి చూసింది. పధ్నాలుగేళ్లు తన మోచేతికి తగులుతూ పనిచేసిన మనిషి. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చెప్తే ఈ గదిలో చప్పట్లన్నీ ఇటు తిరుగుతాయి. ఆ కుర్చీ మాత్రం పోతుంది.

"పెట్టాను," అంది.

"అనుకున్నాను," అంది తూరిడ్.

సైరన్ మోగింది. లైను దగ్గర తూరిడ్ తన కత్తి, ఆకురాయి, చేతి తొడుగులు తీసుకుని అవతలి చివరికి వెళ్లి నిలబడింది. పాత మిషను రెండు బద్దలు చేసి అందించిన చేపని గున్‌వోర్ బల్లమీదికి లాక్కుని, ముళ్లు తియ్యడం మొదలుపెట్టింది.